పంపకపు లెక్కలు

ఒక మొత్తాన్ని ఇచ్చిన నియమాల ప్రకారం కొందరికి విభజించి, ఒక్కొక్కరి వాటాను కనుగొనే గణిత సమస్యలను పంపకపు లెక్కలు అంటారు. వీటిలో చాలావాటిని ఒకే చరరాశి గల రేఖీయ సమీకరణంతో సాధించవచ్చు. తెలియని రాశిని అక్షరంతో సూచించడం భారతీయ గణితంలో ప్రాచీనమైన పద్ధతి. 12వ శతాబ్దానికి చెందిన భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో తెలియని రాశిని 'యావత్తావత్' అని పేర్కొని, 'యా' అనే అక్షరంతో సూచించాడు.

ఉదాహరణ

రూ. 1,000 ముగ్గురికి పంచాలి. రెండవ వ్యక్తికి మొదటి వ్యక్తి కంటే రూ. 100 ఎక్కువ రావాలి. మూడవ వ్యక్తికి రెండవ వ్యక్తి వాటాకు రెట్టింపు రావాలి.

సాధన

మొదటి వాటా 'య' అనుకుంటే రెండవది య + 100, మూడవది 2(య + 100) అవుతుంది.

య + (య + 100) + 2(య + 100) = 1,000
4య + 300 = 1,000
4య = 700
య = 175

కావున వాటాలు వరుసగా రూ. 175, రూ. 275, రూ. 550.

సరిచూడడం

వాటాల మొత్తం సరిపోయినంత మాత్రాన జవాబు సరియైనదని చెప్పలేము. పై లెక్కలో బ్రాకెట్లు విడిచి మూడవ వాటాను 2య + 100 అని వ్రాస్తే, వాటాలు 200, 300, 500 అని వస్తాయి. వీటి మొత్తం కూడా 1,000 అవుతుంది. కానీ 300కు రెట్టింపు 600, 500 కాదు. అందువలన మొత్తంతో పాటు ప్రతి నియమాన్నీ విడివిడిగా సరిచూడాలి.