పెద్ద డైరీ లేకుండానే కంప్యూటర్లకు పరిచయాలు

టి. నగర్‌లోని తెలుగు కుటుంబాల అడ్రసులన్నీ ఒక్క పెద్దాయన డైరీలోనే ఉన్నాయనుకోండి. ఆ డైరీ పోతే అందరి ఆచూకీ పోయినట్టే. ఒకే సర్వర్‌ను నమ్ముకున్న కంప్యూటర్లదీ ఇదే పరిస్థితి.

సర్వర్ లేకుండానే కంప్యూటర్లు ఒకదాన్నొకటి తెలుసుకునే ‘నేమ్-డ్రాపర్’ పద్ధతిని 1999లో మోర్ హార్కల్-బాల్టర్, టామ్ లైటన్, డేనియల్ లెవిన్ ప్రకటించారు. ప్రతి విడతలోనూ ప్రతి కంప్యూటరూ తనకు తెలిసినవాటిలో ఒకదాన్ని చీటీ తీసినట్టు ఎంచుకుని, తన అడ్రసుతో పాటు తెలిసినవన్నీ దానికి పంపుతుంది. పానగల్ పార్కులో ఎదురైన స్నేహితుడికి మన డైరీలోని అడ్రసులన్నీ రాసిచ్చినట్టన్నమాట.

కంప్యూటర్లు రెట్టింపైనా విడతలు కొద్దిగానే పెరుగుతాయి. అయితే మొదట్లో ఎవరో ఒకరి పరిచయమైనా ఉండాలి. ఎవరికీ తెలియని, ఎవరినీ ఎరగని ఇంటి జాడ ఈ పద్ధతికీ అందదు.