ఇంట కట్టుకొన్న కంప్యూటరు

కంప్యూటరును అంగడిలో కొనుటయే మన మెరుగుదుము. నలువది యేండ్లకు పూర్వ మొక దేశమున వేలకొలది సామాన్యులు దానిని స్వల్పవ్యయముతో స్వహస్తములతో కట్టుకొనిరి. ఆ వృత్తాంతము మనవి చేసెదను.

నేడు పెక్కు రాజ్యములుగా విడిపోయిన యుగోస్లావియా 1983లో ఒకే దేశముగా నుండెను. అప్పటి ప్రభుత్వము విదేశవస్తువుల దిగుమతిని గట్టిగా కట్టడి చేసెను. 50 జర్మను మార్కులకు మించిన వస్తువును తెచ్చుకొనరాదు. చిన్న గృహకంప్యూటరైనను అంతకు పెక్కురెట్లు ప్రియము. కావున కొందరు సరిహద్దు దాటి చాటుగా తెచ్చుకొనుచుండిరి. తక్కినవారికి ఆశయే మిగిలెను.

అట్టి వేళ వోయా ఆంతోనిచ్ అను శిల్పజ్ఞుడు సెలవులకై రిసాన్ అను సముద్రతీరపు టూరికిఁ బోయి, యచట నొక యుపాయము కనుగొనెను. కంప్యూటరునకు లెక్కచేయు భాగ మొకటి, తెరపై అక్షరములు చూపు భాగము వేరొకటి సాధారణముగా నుండును. ఈ రెండవదానిని మాని, జెడ్ 80 అను లెక్కభాగముచేతనే రెండు పనులును చేయించెను. ఒక్క జత యెడ్లతోనే దుక్కియు, కపిలయు నడపుకొను పేదరైతు నేర్పువంటి దిది. యంత్రము కొంత నెమ్మదించును. కాని వెల తగ్గెను.

ఆయన ఆ రహస్యమును దాచుకొనలేదు. 1984 జనవరిలో 'గలాక్సియా' పత్రిక ప్రత్యేకసంచికలో పటములతో సహా ప్రకటించెను. పత్రికపేరే యంత్రమునకును పేరయ్యెను. సంపాదకులు కొలదివందలమంది మాత్రమే పూనుకొందురని తలఁచిరి. విడిభాగములకై వ్రాసినవారు 8,000 మందికి మించిరి.

మఱొక వింత కలదు. బెల్‌గ్రేడు రేడియోలో జోరాన్ మోడ్లీ అను ప్రసారకుడు 'వెంటిలేటర్ 202' అను కార్యక్రమమున కంప్యూటరు నడుపు ఆదేశములను ధ్వనిరూపమున ప్రసారము చేసెను. వినువారికది కీచుమను రొద. కాని దానిని క్యాసెట్టునఁ బట్టి యంత్రమునకు వినిపించిన నది ఆటగనో, పాఠముగనో మారుచుండెను.

ఈ వృత్తాంతమున నన్నాకర్షించినది యంత్రము కాదు. దారి మూసికొన్నపుడు తెలిసినవాడు తెలియనివానికిఁ బటము చేతికిచ్చుటయే. మన పల్లెలలో వడ్రంగము, మగ్గము నేర్చినవారు పలువురు కలరు. తమ విద్యను బిడ్డలముందు విప్పి చూపుఁడని వారికి నా మనవి.