బొగ్గుగనులు - పారిశుద్ధ్య తనిఖీ

శానిటరీ ఇనస్పెక్టరు అనగానే మురుగుకాలువ ప్రక్కన పుస్తకం పట్టుకొని నిలిచిన ఉద్యోగి మన కన్నులకు కట్టుతాడు. ఈ ఉద్యోగం పుట్టుక వెతుకుతూ పోతే మనం ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్నం చేరుకుంటాము. 1846లో ఆ నగరం ప్రత్యేక చట్టం తెచ్చుకొని, మరుసటి ఏడు డాక్టర్ విలియం హెన్రీ డంకన్‌ను ఆరోగ్యాధికారిగా నియమించినది. మొదట ఆయన సొంత వైద్యమూ చేసుకొనేవాడు. 1848లో 750 పౌన్ల జీతమిచ్చి పూర్తికాలపు అధికారిని చేసినారు. ఇది చిన్న మార్పు కాదని మా అభిప్రాయం. ఫీజు ఇచ్చే రోగియే ఇంటి యజమాని అయినప్పుడు, ఆయన దొడ్డి బాగులేదని వైద్యుడు వ్రాయగలడా?

గని పట్టణాలలో ఈ చిక్కు మరింత గట్టిది. వేల్సులోని మెర్థిర్ టిడ్‌ఫిల్ బొగ్గుకూ ఇనుముకూ పేరుపొందిన ఊరు. 1849లో అక్కడ కలరా వెయ్యిమందికి పైగా పొట్టను పెట్టుకొన్నది. 1850లో ఆరోగ్య మండలి ఏర్పడినది. 1854లో డాక్టర్ విలియం కే అక్కడి పరిస్థితిపై నివేదిక వ్రాసినాడు. అయినా గొట్టపు నీరు 1860 ప్రాంతం దాకా రాలేదు. మండలిలో పలుకుబడి కార్ఖానాదారులది. నదిలోని నీరు వారి యంత్రాలకు కూడా కావలసి ఉండెను!

ఇక మన గనులు. ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు జాడ కనుగొన్నాడు; 1889లో త్రవ్వకం మొదలైనది. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడినది. గోదావరి ఒడ్డున రామగుండం, గోదావరిఖని గనులు 1960 దశకంలో విస్తరించినవి. అప్పటికే 1952 నాటి గనుల చట్టం ఉన్నది. చల్లని మంచినీరు ఉంచవలెనని, అక్కడ కార్మికులలో ఎక్కువమందికి తెలిసిన భాషలో 'త్రాగునీరు' అని వ్రాయవలెనని అది శాసించినది. మరుగుదొడ్డికి ఆరు మీటర్లలోపల నీటి తావు ఉండరాదన్నది. స్త్రీలకూ పురుషులకూ వేరువేరు మరుగుదొడ్లు కట్టించవలెనన్నది. టేపు పట్టి కొలిచి తప్పు చూపగల శాసనం ఇది.

అయితే గనుల ఇనస్పెక్టరు టేపు గని హద్దు దాటదు. షిఫ్టు దిగిన కార్మికుడు ఇంటిదగ్గర బిందె ముంచుకొనే నీరు ఎవరి బాధ్యత? గనుల నుండి వెళ్ళే బొగ్గుపై సుంకం వేసి, ఇండ్లకు, నీటికి, పారిశుద్ధ్యానికి వెచ్చించే నిధిని 1947లోనే మరొక చట్టం ఏర్పరచినది. డబ్బు ఒకచోట, తనిఖీ మరొకచోట. పైగా గని కార్మికుల వెంట కూరగాయలవారు, మంగలివారు, హోటలువారు వచ్చి చేరినారు. వారు కంపెనీ ఉద్యోగులు కారు, క్వార్టర్లలో ఉండరు. వారి వాడల మురుగు స్థానిక సంస్థ పద్దులోనిది. రామగుండంలో ఆ సంస్థ 2009లో నగరపాలక సంస్థ అయినది.