ప్రాణాలు తీసిన పాలసీసా

ఈరోజు ఒక పాలసీసా కథ చెప్పుకుందాం. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండ్‌లో గాజు సీసాకి పొడుగాటి రబ్బరు గొట్టం, దాని చివర పాలపీక పెట్టి అమ్మేవాళ్లు. పీక నోట్లో పెడితే చాలు, పడుకున్న బిడ్డ తనే తాగేస్తుంది. తల్లికి కాస్త చేతులు ఖాళీ. బాగుంది కదా?

మరి ఆ గొట్టం లోపల కడిగేదెలా? మిగిలిన పాలు విరిగిపోయి క్రిములు పెరిగేవి. పైగా 1861లో పుస్తకంగా వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథం, తగిలించిన పీకని రెండు వారాల దాకా తీయక్కర్లేదంది! ఎంతోమంది పసివాళ్లు విరేచనాలతో పోయారు. చివరికి వాటికి 'మర్డర్ బాటిల్స్' అన్న పేరే పడింది.

1910లో ఫ్రాన్స్ ఈ గొట్టం సీసాల్ని నిషేధించింది. ఆ రోజుల్లోనే రెండు వైపులా తెరుచుకునే పడవ ఆకారం సీసాలు వచ్చాయి. కుళాయి కింద పెడితే నీళ్లు ఇటు నుంచి అటు వెళ్లిపోతాయి.

అంటే తప్పు తల్లులది కాదు, డిజైన్‌ది. మన ఉగ్గుగిన్నె చూడండి, గొట్టం లేదు, చెయ్యి పట్టని మూల లేదు. బాటిల్ వాడితే ప్రతి భాగం విప్పి, సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడిగాకే మరిగించండి. జిడ్డు ఉండిపోతే మరిగించినా లాభం తక్కువ. అసలు విప్పడానికే రాని బాటిల్ అయితే, కొనకండి.