చూసింది నిలుస్తుందా, విన్నది నిలుస్తుందా?



సైన్స్ ఫెయిర్‌లలో తరచుగా కనిపించే ప్రయోగం ఒకటుంది. పది పదాలు చదివి వినిపిస్తారు. మరో పది పదాలు చార్టు మీద చూపిస్తారు. గుర్తున్నవి కాగితం మీద రాయమంటారు. చూసినవి ఎక్కువగా వస్తే "కంటి జ్ఞాపకమే గొప్పది" అని నిర్ధారణ రాసేస్తారు. మీరూ చేసే ఉంటారు. ఈ చిన్న ప్రయోగం వెనుక సుమారు నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

జ్ఞాపకాన్ని ప్రయోగంతో కొలవవచ్చునని చూపినవారు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్. అర్థం ఉన్న పదాలైతే పాత అనుభవాలు సాయం వస్తాయి కనుక, ఆయన సుమారు 2,300 అర్థరహిత అక్షరగుచ్ఛాలు తయారుచేసుకుని, వాటిని తానే వల్లెవేసి, 1885లో ఫలితాలు ప్రచురించారు. 1887లో లండన్‌లో జోసెఫ్ జేకబ్స్ పాఠశాల విద్యార్థులకు అంకెలు, అక్షరాలు వినిపించి, ఒక్కసారి విని ఎన్నింటిని వరుస తప్పకుండా చెప్పగలరో పరీక్షించారు. వయసుతోపాటు ఈ సంఖ్య పెరుగుతుందని గమనించారు.

మీ ప్రయోగానికి అసలు పూర్వరూపం 1894లో వచ్చింది. అమెరికాలో కిర్క్‌పాట్రిక్ అనే పరిశోధకుడు విద్యార్థులకు కొన్ని పదాలు వినిపించారు, కొన్ని రాసి చూపారు, మరికొన్నింటికి బదులుగా నిజమైన వస్తువులనే చూపారు. వస్తువులే బాగా గుర్తున్నాయి. మూడు రోజుల తర్వాత అడిగినా అదే ఫలితం. అంటే 'గంట' అనే పదాన్ని చూడటం వేరు, గంటను చూడటం వేరు.

అసలు ఆశ్చర్యం 1964లో ఎదురైంది. కేంబ్రిడ్జిలో కాన్‌రాడ్ ఇంగ్లిషు అక్షరాలను కంటికి మాత్రమే చూపి, గుర్తుచేసుకుని రాయమన్నారు. తప్పులు ఎలా వచ్చాయో గమనించండి. 'పి' బదులు ఆకారంలో దగ్గరగా ఉండే అక్షరాల కన్నా, పలుకులో దగ్గరగా ఉండే 'వి' లాంటివే ఎక్కువగా రాశారు! కంటితో చూసిన అక్షరాన్ని మనసులో పలుకుకుని దాచుకుంటున్నామన్నమాట. కాబట్టి మీ చార్టు మీది పదాలు కూడా కొంతవరకు ధ్వని రూపంలోనే నిలుస్తాయి. 1974లో బ్యాడ్‌లీ, హిచ్ ప్రతిపాదించిన 'పనిచేసే జ్ఞాపకం' నమూనా ఇటువంటి ఫలితాల మీదే ఆధారపడింది. మాటలకు ఒక ఏర్పాటు, దృశ్యాలకు మరొకటి ఉంటాయని తర్వాత దాన్ని విస్తరించారు.

మరి కంటికి ప్రత్యేక బలం లేదా? ఉంది. 1973లో లయనెల్ స్టాండింగ్ అయిదు రోజుల్లో 10,000 చిత్రాలు చూపి పరీక్షిస్తే, సుమారు 83 శాతం గుర్తుపట్టగలరని తేలింది. 2009లో శబ్దాలతో జరిపిన ప్రయోగాల్లో గుర్తుపట్టడం చిత్రాలకన్నా బాగా తక్కువగా ఉంది. అయితే మాటల జాబితాలో చివరి ఒకటి రెండు మాత్రం చూసినప్పటికన్నా విన్నప్పుడే బాగా గుర్తుంటాయి. వేదపాఠంలో పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే ఘనపాఠం వంటి పద్ధతులు, మన అవధానుల ధారణ చూస్తే, ఛందస్సూ వల్లెవేతా తోడైతే చెవికి ఎంత పట్టు చిక్కుతుందో తెలుస్తుంది.

ఇక మీ ప్రయోగాన్ని సరిదిద్దుకోండి. విన్న పదం క్షణంలో పోతుంది. చార్టు మాత్రం కళ్ల ముందే ఉంటుంది. అది సమానమైన పోటీ కాదు. అందుకే పదాలను ఒక్కొక్కటిగా, సమాన వ్యవధితో చూపించండి. సగం మందికి మొదటి జాబితా వినిపించి, రెండోది చూపించండి. మిగతా సగానికి తారుమారు చేయండి. ఏది ముందు అన్నదీ మార్చండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఒక ప్రదర్శనలో ఎనిమిదో తరగతి అమ్మాయి నాతో, "నేను విని నేర్చుకునే రకం సార్, ప్రయోగంలో తేలింది. అందుకే జామెట్రీ రాదు" అంది. పది పదాల పరీక్షతో ఒక సబ్జెక్టునే వదులుకోవడానికి సిద్ధపడింది! పిల్లలను 'చూసే రకం', 'వినే రకం' అని విడదీసి అలాగే బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో పాష్లర్, సహచరుల సమీక్ష తేల్చింది. ఆమెకు నేను అదే చెప్పి, పటం గీస్తూ సిద్ధాంతాన్ని పైకి చదవమన్నాను. మీరూ అలాగే చేసి చూడండి.