జంట పడవల పరిశ్రమ

విశాఖ తీరమున పల్లెకారులు అనాదిగా వాడిన తెప్ప కొన్ని దుంగలను తాళ్ళతో బిగించి కట్టినది. తమిళులు ఇట్టి దానిని కట్టుమరమన్నారు. 1697లో వెలువడిన డాంపియర్ యాత్రాగ్రంథమున ఈ మాట 'కాటమరాన్'గా కనబడుతుంది. కాని నేడు కాటమరాన్ అనగా దుంగల తెప్ప కాదు. రెండు సన్నని పడవలను ఎడంగా నిలిపి, పైన వేదికతో జోడించిన ఓడ. పేరు మన తీరానిది. రూపము పసిఫిక్ దీవులవారిది.

ఈ రూపములోని కిటుకు ఏమిటి? పడవ సాగునపుడు నీటిలో అలలు లేచును. వేగము హెచ్చినకొద్దీ శక్తిలో పెద్ద భాగము ఈ అలలకే వ్యయమగును. సన్నని పడవ తక్కువ అలలను లేపును గాని, సులువుగా ఒరిగిపోవును. అట్టివి రెండు జోడించినచో ఆధారము వెడల్పై నిలకడ వచ్చును. ఒంటి తెరచాప ఓడకు అడుగున కట్టే సీసపు బరువు దీనికి అక్కరలేదు. గోదావరి రేవులలో రెండు పడవలపై పలకలు పరచి బండ్లను దాటించినవారికి ఈ నిలకడ కొత్త కాదు.

1876లో అమెరికా నిర్మాత హెరెషాఫ్ 'అమరిలిస్' అను జంట పడవతో న్యూయార్కు పందెములో అందరినీ మించినాడు. ఫలితము? అట్టి పడవలను పందెముల నుండి వెలివేసిరి. కొనువారు లేక పరిశ్రమ వేరూనలేదు.

ఇంగ్లండులో కాన్వే దీవిలో ప్రౌట్ సోదరులు తండ్రితో కలిసి చిన్న పడవలు చేసేవారు. 1949లో రెండు కయాక్ పడవలను వెదురు బొంగులతో జోడించి పరీక్షించినారు. 1954 నాటికి 'షియర్‌వాటర్' సిద్ధమై పందెములలో పేరు తెచ్చినది. తడికి విడిపోని జిగురుతో అతికిన ప్లైవుడ్, తరువాత గాజుపీచు, తేలికైన పడవలను సాధ్యము చేసినవి. అయినను ఇవి సముద్రయానమునకు తగవను అనుమానము పోలేదు. వారు నిర్మించిన 'రెహు మోవానా'లో డేవిడ్ లూయిస్ 1964-67 మధ్య భార్యతోను, ఇద్దరు కుమార్తెలతోను భూమిని చుట్టివచ్చినాడు. అనుమానము తీరినది.

తరువాత నాయకత్వము ఫ్రాన్సుకు మారినది. 1976లో ఫౌంటేన్ పాజో, 1984లో లగూన్ వెలసినవి. విశాలమైన గదులు, ఒరగని నడక గల ఈ ఓడలను విహారయాత్రలకు అద్దెకిచ్చే సంస్థలు కొనసాగినవి. తొలిబాట వేసిన ప్రౌట్ సంస్థ మాత్రము నేడు లేదు.

సరియైన సూత్రమొక్కటే పరిశ్రమను నిలుపజాలదు. హెరెషాఫ్‌కు సూత్రము దొరికినది. తగిన పదార్థము, కొనువారి నమ్మకము దొరకుటకు దాదాపు ఎనుబదేండ్లు పట్టినది.