ఆసుపత్రి గడప దాటాక ఆసరా ఎక్కడ?

జారిపడిన వృద్ధుల సంరక్షణకు ఉన్న మార్గాలు

పెదవేగి: తడి గచ్చుపైనో, వాకిలి మెట్టుపైనో జారిపడి తుంటి విరిగిన వృద్ధులను 108 వాహనంలో ఏలూరుకు తరలిస్తారు. శస్త్రచికిత్స జరుగుతుంది. కొద్ది రోజులకు ఇంటికి పంపుతారు. కుటుంబానికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6.84 లక్షల మంది మరణిస్తున్నారు. వీటిలో అత్యధికం 60 ఏళ్లు దాటినవారి మరణాలే.

ఇంటికే ప్రయాణం

అమెరికాలో ఆసుపత్రికి, ఇంటికి నడుమ పునరావాస కేంద్రాలుంటాయి. అర్హులైన వృద్ధులకు అక్కడి మెడికేర్ గరిష్ఠంగా 100 రోజుల వరకు పూర్తిగానో, కొంతమేరకో ఖర్చు భరిస్తుంది. మన పల్లెల్లో ఆ నడిమి మజిలీ లేదు. రోగి నేరుగా ఇంటికే చేరాలి. వృద్ధాశ్రమాలు సాధారణంగా తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి.

వంతులతో ముప్పు

తల్లిదండ్రులను కుమారులు నెలకొకరు వంతున చూసుకోవడం పల్లెల్లో పరిపాటి. కాలు నిలదొక్కుకోని దశలో ఇల్లు మారితే గడప, మెట్టు, స్నానాల గది అన్నీ కొత్తవే. మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. ధైర్యంగా నడిచే వరకు పెద్దలను ఒకేచోట ఉంచి, ఖర్చును, సేవను పంచుకోవడం మేలు. వంతు మారవలసింది సేవకులకే గాని రోగికి కాదు.

ముందే సిద్ధం చేయవలసినవి

మరుగుదొడ్డిలో పట్టుకునేందుకు గోడకు కడ్డీ, కమోడ్ కుర్చీ, రాత్రివేళ దీపం, వాకర్ సమకూర్చుకోవాలి. కదలకుండా పడుకోబెడితే పడక పుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధి, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులున్నాయి. ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జికి ముందే వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

చట్టం అండ

70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యాన్ని ఆయుష్మాన్ పథకం కింద కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. నెలల తరబడి ఇంట్లో సాగే సేవకు మాత్రం అది వర్తించదు. సంతానం పట్టించుకోకుంటే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెలకు రూ.10 వేల వరకు భృతి ఇప్పించే అధికారం దానికుంది. చూసుకుంటారన్న షరతుపై రాసిచ్చిన ఆస్తిని, మాట తప్పితే రద్దు చేయించుకునే వీలూ ఉంది. సలహాకు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.